మణికట్టు కీలు అతికించే ఆపరేషన్

కీళ్ళవాతంతో మణికట్టు అరిగిపోయి, మందులు, ఇంజెక్షన్లు, పట్టీలు వాడినా నొప్పి తగ్గనివారికి వైద్యులు కొన్నిసార్లు కీలు అతికించే ఆపరేషన్ సూచిస్తారు. ఆ మాట వినగానే మా వార్డులో చాలామంది అడిగేది ఒక్కటే: "ఇక చెయ్యి పనిచెయ్యదా, సిస్టరమ్మా?"

పనిచేస్తుంది. అయితే మణికట్టు ఇక వంగదు. అరిగిన ఎముకలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్లనే నొప్పి. మిగిలిన మృదులాస్థిని తీసివేసి, అవసరమైతే తుంటి నుండి కొద్దిగా ఎముక తీసి మధ్యలో నింపి, ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. క్రమంగా అవన్నీ ఒకే ఎముకగా అతుక్కుంటాయి. వేళ్ళు ఎప్పటిలాగే ముడుచుకుంటాయి. అరచేతిని పైకీ కిందికీ తిప్పేది ముంజేయి కనుక, అక్కడి కీలు బాగుంటే ఆ కదలిక కూడా పోదు. నొప్పికి భయపడి వదిలేసిన పట్టు చాలామందికి తిరిగి వస్తుంది.

ఒకసారి అతికాక మళ్ళీ మునుపటిలా చేయడం కుదరదు. అందుకే ముందుగా వారం పది రోజులు గట్టి స్ప్లింటు కట్టుకుని అన్ని పనులూ చేసి చూడమంటాము. అన్నం కలుపుకోండి, జడ వేసుకోండి, బొత్తాలు పెట్టుకోండి. మరుగుదొడ్డిలో కడుక్కోవడం కూడా చూసుకోండి. ఈ సంగతి డాక్టరుగారిని అడగడానికి సిగ్గుపడి, ఇంటికి వెళ్ళాక ఇబ్బందిపడేవారున్నారు. సిగ్గయితే మాకు చెప్పండి, మేము చెబుతాము. సాధారణంగా చేతిని కొంచెం పైకి వంచి బిగిస్తారు, పట్టుకు అది మంచిది. కానీ రెండు మణికట్లూ పాడైనవారికి రెండో చేతిని ఏ కోణంలో ఉంచాలి, కొంత కదలిక మిగిల్చే ఆపరేషన్ సరిపోతుందా అన్నది ముందే తేల్చుకోవాలి.

స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. మెథోట్రెక్సేట్ సాధారణంగా కొనసాగిస్తారు, కొన్ని ఇంజెక్షన్లు మాత్రం ఆపవలసి రావచ్చు. వాడే మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకురండి. పొగ తాగితే ఎముక సరిగా అతుక్కోదు కనుక బీడీ, సిగరెట్ మానాలి. అడ్డచుట్ట తాగే అవ్వలకూ ఇదే మాట!

ఆపరేషన్ తర్వాత చేతిని దిండ్లపై గుండెకన్నా ఎత్తులో ఉంచి, మొదటి రోజు నుండే వేళ్ళు ముడుస్తూ చాపుతూ ఉండాలి. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరి పెరిగినా, మందు వేసినా నొప్పి ఎక్కువవుతున్నా అర్ధరాత్రయినా వెంటనే రండి. ఎముక అతుక్కోవడానికి సుమారు 8 నుండి 12 వారాలు పడుతుంది. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు సరేననేవరకు ఆ చేత్తో నీళ్ళబిందె ఎత్తవద్దు.