మీకు తెలుసా? వారమునకొకమారు చెరిపివేయు పట్టిక

కంప్యూటరు తెరపై నడచు కార్యాలయ శిక్షణ, ఉద్యోగి ఒక కంటితో వీడియోను, వేరొక కంటితో గడియారమును చూచుచు, కడపటి ప్రశ్నలను ఎట్లో గట్టెక్కి, 'పూర్తియైనది' అను మీటను నొక్కి ఊపిరి పీల్చుకొను తంతుగా మారుట ఎల్లరెరిగినదే. దీనికి విరుగుడుగా ఆటలోని అంగములను ప్రయోగించిన సంస్థలలో డెలాయిట్ ఒకటి. ఉన్నతోద్యోగుల కొరకు తాను నడపిన ఆన్‌లైన్ నాయకత్వ శిక్షణాలయమున ఆ సంస్థ బ్యాడ్జీలను, అంచెలను, పాయింట్ల పట్టికలను ప్రవేశపెట్టగా, ప్రతివారము మరల వచ్చి చదువువారి సంఖ్య 37 శాతము హెచ్చినట్లు 2013 జనవరిలో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ ప్రకటించెను.

అందలి చమత్కారము బహుమతులలో కంటె పట్టికను తీర్చిన తీరులోనే అధికముగా కలదు. ఎల్లకాలము ఒకరే అగ్రస్థానమున కూర్చుండినచో, క్రొత్తగా చేరినవాడు తొలినాడే నిరాశచెంది వెనుదిరుగును గనుక, ఏడు దినములకొకమారు లెక్కను సున్నకు తెచ్చి, అందరును మరల ఒక్క గీత వద్దనుండియే పరుగారంభించు వీలు కల్పించిరి. ఒక విభాగమువారెల్లరు ఒకే వారములో ఒకే వీడియోను చూచినచో, ముందుగా ఎవరికిని తెలుపని రహస్య బ్యాడ్జి లభించెడిది; పై అధికారి హెచ్చరికలకంటె ఈ కుతూహలమే ఎక్కువ పని చేయునని మా నమ్మకము.

అయినను ఆట యనగానే అందరును మెచ్చుదురనుకొనుట భ్రమ. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులైన మాలిక్, రాత్‌బార్డ్ అనువారు ఒక సంస్థలోని అమ్మకపు ఉద్యోగులపై జరిపిన పరీక్షలో, సమ్మతించి ఆడినవారికి ఆట ఉల్లాసము నొసగగా, సమ్మతింపని వారికి ఉన్న ఉత్సాహమును సైతము తగ్గించెను.