అంత చేదు అడ్డసరం దగ్గునెలా తగ్గిస్తుంది?

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మా ఊరు కోట వైపు ముసురే ముసురు. ఇంటికొకరు ఖళ్లుఖళ్లున దగ్గుతుంటారు. అమ్మమ్మ దొడ్లోంచి అడ్డసరం ఆకులు తెచ్చి, మిరియాలు దంచి వేసి కషాయం కాస్తుంది. అబ్బ, ఎంత చేదో! మేకలు కూడా ఆ ఆకు జోలికి పోవు. మరి మనకెందుకు తాగిస్తారు?

మన ఊపిరిగొట్టం లోపల కంటికి కనబడనంత సన్నటి నూగు ఉంటుంది. లోపలికొచ్చి కఫంలో చిక్కుకున్న దుమ్మునీ క్రిములనీ పైకి నెట్టడమే దాని పని. జలుబు చేస్తే కఫం చిక్కబడి, గిన్నెకు ఎండిపోయిన గంజిలా పట్టేస్తుంది. ఎండిన గంజి గీకితే రాదు, నానితేనే వస్తుంది కదా! ఇక్కడా అంతే. వేడి కషాయం గొంతుకు హాయినిస్తుంది. ఆకులోని వాసిసిన్ అనే చేదు పదార్థం కఫాన్ని పలచన చేస్తుందంటారు. శాస్త్రవేత్తలు దాని ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. అది 1963లో మందుగా వచ్చింది. ఈసారి దగ్గు సిరప్ సీసా మీద ఆ పేరుందేమో చూడండి.

ఆకుమందే కదా అని గ్లాసులకు గ్లాసులు తాగకండి. గర్భిణులకు అడ్డసరం అసలే వద్దు. ఏడాది నిండని పాపకు కషాయంలో తేనె కలిపి పట్టకూడదు. ఆయాసం వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం.