జబ్బుల జాబితాలో సమాజం చేయి

అపోహ: వైద్య గ్రంథంలో మానసిక వ్యాధి అని రాశారంటే, అది తిరుగులేని శాస్త్ర సత్యం.

వాస్తవం: చక్కెర వ్యాధికి రక్తపరీక్ష ఉంది. చాలా మానసిక రుగ్మతలకు అలాంటిది లేదు. ఏది రుగ్మతో నిపుణులు కూర్చుని తేలుస్తారు. వాళ్లూ ఈ సమాజంలో పెరిగినవాళ్లే. అందుకే స్వలింగ ప్రేమను అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973 దాకా జబ్బుల్లోనే ఉంచింది. స్వలింగ ప్రియులైన పురుషుల మనస్తత్వ పరీక్షల ఫలితాలను మిగతావారి ఫలితాల నుంచి నిపుణులు కూడా వేరు చేయలేకపోయారని 1957లోనే ఎవెలిన్ హుకర్ చూపించినా సంఘం కదల్లేదు. 1972లో డల్లాస్ సమావేశంలో జాన్ ఫ్రయర్ అనే మానసిక వైద్యుడు రబ్బరు ముసుగు, వదులు సూటు వేసుకుని, గొంతు మార్చే మైకు ముందు తానూ స్వలింగ ప్రియుణ్నేనని చెప్పాడు. ముఖం చూపిస్తే ఉద్యోగం పోయే రోజులవి. మరుసటి ఏడాది స్వలింగ ప్రేమ పేరు జబ్బుల జాబితాలోంచి పోయింది. కొందరు ఒప్పుకోక ఓటింగ్‌కు పట్టుబట్టారు. 1974లో తొలగింపు వైపు 5,854 ఓట్లు, వ్యతిరేకంగా 3,810 పడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో గానీ తీసేయలేదు.

అపోహ: ఇది పరాయి దేశాల గొడవ, పుదుచ్చేరికేం సంబంధం?

వాస్తవం: పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలో ఉన్నప్పుడు, అక్కడి శిక్షాస్మృతిలో పెద్దల స్వలింగ సంబంధం నేరమే కాదు. పక్కనే, బ్రిటిష్ ఏలుబడిలోని కడలూరులో మాత్రం 377వ సెక్షన్ కింద జైలు. విలీనం తర్వాత భారత శిక్షాస్మృతితోపాటు ఆ సెక్షన్ పుదుచ్చేరికీ వచ్చింది. పెద్దల పరస్పర అంగీకారంతో సాగే సంబంధాలను సుప్రీంకోర్టు 2018లో దాని నుంచి తప్పించింది.

అపోహ: జాబితా మారుతోందంటే మానసిక వ్యాధులన్నీ కల్పితాలే.

వాస్తవం: కానే కాదు. డిప్రెషన్, స్కిజోఫ్రెనియా మనిషిని తిండికీ నిద్రకూ పనికీ దూరం చేస్తాయి. చికిత్సతో చాలామంది కోలుకుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గీత స్పష్టంగా గీసింది: సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలకు ఒదగనంత మాత్రాన ఎవరికీ మానసిక వ్యాధి అంటగట్టకూడదు.

అపోహ: డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే స్వలింగ ప్రియులైన పిల్లలు ‘మామూలు’ అయిపోతారు.

వాస్తవం: 2021లో మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, స్వలింగ ప్రేమపై తనలోని అపోహలు పోగొట్టుకోవడానికి ముందు తానే మనస్తత్వ నిపుణురాలి ఎదుట కూర్చుని, ఆ తర్వాత ఇలాంటి ‘వైద్యాన్ని’ నిషేధించాలని ఆదేశించారు. పుదుచ్చేరి, యానాం ఆ కోర్టు పరిధిలోవే. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

బిడ్డ నిద్రపోకపోయినా, భయపడుతున్నా, చనిపోతానంటున్నా వెంటనే పుదుచ్చేరిలోని జిప్మర్ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ఎవరైనా డాక్టరు ప్రేమను నయం చేస్తానంటే మాత్రం వైద్య మండలికి ఫిర్యాదు చేయండి.