అట్ట మీద బొమ్మ వేరు... లోపలి ఆట వేరు!

“అమ్మా, బండి మాట వినట్లేదే!”

వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్న నేను ఉలిక్కిపడ్డాను. బండంటే వాళ్ల నాన్న మోటార్ సైకిలనుకున్నా. తీరా ముందు గదిలోకెళ్లి చూద్దును కదా, తొమ్మిదో తరగతి చదివే మా సుపుత్రుడు టీవీ ముందు కూచుని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. తెర మీద ఎర్రకారొకటి గోడకి ముక్కు ఆనించి నిలబడి ఉంది.

మాది నందిగామ దగ్గర వీరులపాడు. పత్తి, మిరప పండే మెట్ట ప్రాంతం. 2022లో జిల్లాలు విడదీశాక ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, మా నోటికి ఇంకా కృష్ణా జిల్లాయే! మా పల్లెలో వీడియో గేములేమిటని నవ్వకండి. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు కొత్తది కొనుక్కుని, పాత గేమ్ మిషన్ మేనల్లుడికిచ్చాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ కార్ల పందెం జరిగిందిగా, అది టీవీలో చూశాక మావాడి కార్ల పిచ్చి మరీ ముదిరింది. అసలు పందేల పేరు, అసలు కార్ల బొమ్మలు ఉన్న ఆట కావాలని నా కొంగు పట్టుకు తిరిగాడు. పండక్కి తాతయ్య, మావయ్య ఇచ్చిన డబ్బుకి తక్కువపడ్డ పన్నెండొందలు నేను పాల డబ్బుల్లోంచి తీసిచ్చాను. విజయవాడ వెళ్లి సీడీ తెచ్చుకున్నాడు.

రెండ్రోజులు తిరక్కుండానే ఈ ఏడుపు! “అంత పోసి కొని ఇప్పుడు నచ్చలేదంటే వీపు చిట్లగొడతా” అని కసిరాను. వాడు మారు మాట్లాడలేదు. సీడీ తీసి డబ్బాలో పెట్టేసి, “నీ పాల డబ్బులు పాడుచేశానమ్మా” అన్నాడు. నా మనసు చివుక్కుమంది.

ఆ రాత్రి వాడిని పక్కన కూచోబెట్టుకుని రిమోట్ నేనే పట్టుకున్నా. నాకు కార్లు తెలీవు గానీ, రోజూ నందిగామకి స్కూటీ మీద వెళ్లొస్తాను. మలుపులో బండి ఎలా వాలుతుందో, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో నా చేతికి తెలుసు. ఇందులో అదేమీ లేదు. నొక్కిన కాసేపటికి గానీ తిరగదు, తిరిగితే ఆగదు. ఏ కారెక్కినా ఒకటే మోత! అదే వాడి దగ్గరున్న పేరూ ఊరూ లేని పాత ఆటలో కారు చెప్పినట్టు వింటోంది.

మా వైపు ఎడ్లతో బండ లాగించే పోటీలు చూశారుగా. జత ఎవరిదో మైకులో చెప్పగానే జనం మూగుతారు. తీరా బండ కదలకపోతే ఆ పేరు ఎవరిక్కావాలి?

పేరుకీ అద్దె!

ఇదెందుకిలా ఉందని మా తమ్ముడికి ఫోన్ చేస్తే చాలా సంగతులు చెప్పాడు. సినిమా పేరో, పందెం పేరో, కారు కంపెనీ పేరో ఆటలో వాడుకోవాలంటే వాళ్ల అనుమతి కొనుక్కోవాలట. దాన్నే లైసెన్స్ అంటారు. అందుకు డబ్బు పోయాలి, గడువూ ఉంటుంది. సినిమాతో పాటే ఆటా రావాలని తొందరపడితే, అరకొరగా ఉడికిన అన్నం వడ్డించినట్టే.

‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ క్రాస్‌రోడ్స్’ అని ఒకటుంది. మావాడు కొన్నది అది కాదులెండి. సినిమా హీరో విన్ డీజిల్ గొంతు కూడా ఉంది అందులో. 2020 ఆగస్టులో వస్తే, కారు నడిపే తీరూ బొమ్మలూ బాలేవని విమర్శకులు ఏకిపారేశారు. 2022లో అమ్మకమే ఆపేశారు.

అలాగని పేరున్నవన్నీ పనికిరానివి కావు. 1997లో జపాన్‌లో వచ్చిన ‘గ్రాన్ టురిస్మో’లోనూ అసలు కంపెనీల కార్లే. ఒక్కో కారూ ఒక్కోలా నడిచేట్టు చేశారు. కోటికి పైగా అమ్ముడయింది. 2011 అక్టోబర్‌లో నోయిడా దగ్గర మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగితే, అంతకు నెల ముందే వచ్చిన ‘ఎఫ్1 2011’ ఆటలో ఆ ట్రాక్ ఉంది. అసలు పందెం కన్నా ముందే పిల్లలు ఆ దారిలో కారు నడిపేశారన్నమాట! పేరు కొన్నందుకు ప్రయోజనం అంటే అదీ.

కొనే ముందు...

మా వాడినడిగితే వాడి కోరికలేం గొంతెమ్మ కోరికలు కావు. కారు చేతికి లొంగాలి. ఓడితే అది తన తప్పయి ఉండాలి. నేస్తం ఇంటికొస్తే ఇద్దరూ ఆడుకోగలగాలి. కొన్నది కొన్నట్టు ఉండాలి.

ఆ చివరి మాట తేలిగ్గా తీసెయ్యకండి. 2014లో వచ్చిన ‘ద క్రూ’ అనే కార్ల ఆటకి నెట్ ఉండి తీరాలి. 2024 మార్చి 31న కంపెనీ సర్వర్లు ఆపేసేసరికి, డబ్బిచ్చి కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. ‘ఫోర్జా హొరైజన్ 4’ని లైసెన్సుల గడువు తీరడంతో 2024 డిసెంబర్‌లో అమ్మకం నుంచి తీసేశారు. కాకపోతే, అంతకుముందు కొన్నవాళ్లు ఆడుకోవచ్చు.

అందుకే ఆట వచ్చీ రాగానే పరిగెత్తొద్దు. రెండు వారాలు ఆగి, ఎవరైనా నిజంగా ఆడుతున్న వీడియో ఫోన్‌లో చూడండి. కంపెనీ ప్రకటన కాదు సుమా! నెట్ లేకుండా ఆడొచ్చా, ఇద్దరు ఒకే టీవీ మీద ఆడొచ్చా, ట్రాక్‌లెన్ని అని దుకాణంలో అడగండి. చీర కొనేటప్పుడు మడత విప్పి చూడమూ? ఇదీ అంతే.

“తప్పు నీది కాదులేరా, అట్ట చూసి నేనూ నమ్మాగా” అన్నాక గానీ వాడి మొహం విచ్చుకోలేదు. ఇప్పుడు మాసిపోయిన ఆ పాత ఆటే ఇద్దరం ఆడుతున్నాం. రోజూ నేనే ఓడుతున్నాననుకోండి. తప్పు మాత్రం కారుది కాదు, నాదే!