రాణిగారి సలహా

1865లో జమైకా దీవిలో సెయింట్ ఆన్ ప్రాంతపు పేదలు విక్టోరియా రాణికి అర్జీ పెట్టుకున్నారు. పంటలు పోయాయి, పనులు దొరకడం లేదు, ప్రభుత్వ భూమి కాస్త ఇప్పిస్తే సాగు చేసుకుంటూ దాని సొమ్ము తీర్చుకుంటామని వేడుకున్నారు. లండన్ వలసల శాఖ నుంచి జవాబొచ్చింది. బద్ధకించకుండా రోజూ కూలికి వెళితే వాళ్ల బతుకులు వాటంతటవే బాగుపడతాయని దాని సారాంశం. ఆ జవాబు రాసిన హెన్రీ టేలర్ ఆ శాఖలో పెద్ద ఉద్యోగి, నాటకకర్తగా పేరున్నవాడు. గవర్నర్ ఎడ్వర్డ్ ఐర్ దాన్ని ‘రాణిగారి సలహా’ పేరిట 50,000 ప్రతులు అచ్చువేయించి దీవి అంతటా పంచిపెట్టించాడు.

విక్టోరియా కాలపు ఇంగ్లీషు పెద్దమనుషులు సామ్రాజ్యం గురించి ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే ఈ జమైకా ఉదంతాన్ని మించింది లేదని నా నమ్మకం. ఈ విషయంలో వాళ్లు రెండు పక్షాలుగా చీలిపోయి, కడుపులో మాట కక్కేసుకున్నారు.

ఆ ఏడు అక్టోబర్ 11న పాల్ బోగల్ అనే బాప్టిస్టు డీకన్ వెంట వందలమంది మొరాంట్ బే కోర్టు దగ్గరికి వచ్చారు. వలంటీరు సిపాయిలు కాల్పులు జరిపారు. జనం తిరగబడి కోర్టుకు నిప్పుపెట్టారు. అధికారులు, సిపాయిలు కలిపి దాదాపు ఇరవైమంది చనిపోయారు. ఐర్ ఆ జిల్లాలో మార్షల్ లా విధించాడు. తర్వాతి వారాల్లో 439 మందిని చంపారు, 600 మందికి కొరడా దెబ్బలు పడ్డాయి, 1,000 ఇళ్లు తగలబెట్టారు. ఇవి తర్వాత విచారణ జరిపిన రాయల్ కమిషన్ స్వయంగా తేల్చిన లెక్కలు.

చచ్చిపోయినవాళ్లలో ఇంగ్లండ్‌ను కుదిపేసిన పేరు ఒక్కటే: జార్జ్ విలియం గార్డన్. స్కాట్లండ్ నుంచి వచ్చిన తోట యజమానికి బానిస స్త్రీ వల్ల పుట్టినవాడు, శాసనసభ్యుడు, ఐర్‌ను సభలో నిలదీసినవాడు. గొడవ జరిగిన రోజున అతను కింగ్‌స్టన్‌లో ఉన్నాడు. అక్కడ మార్షల్ లా లేదు, మామూలు కోర్టులు నడుస్తున్నాయి. ఐర్ అతణ్ణి పట్టుకుని ఓడ ఎక్కించి, మార్షల్ లా ఉన్న మొరాంట్ బేకి తరలించాడు. అక్కడ సైనిక కోర్టు పెట్టి అక్టోబర్ 23న ఉరితీశారు. మర్నాడు బోగల్‌ను ఉరితీశారు.

ఐర్‌ను హత్యానేరం కింద బోనెక్కించాలని లండన్‌లో జమైకా కమిటీ ఏర్పడింది. 1866లో దానికి అధ్యక్షుడైనవాడు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్. డార్విన్, హక్స్‌లీ, హెర్బర్ట్ స్పెన్సర్, జాన్ బ్రైట్ ఆయన వెంట నిలిచారు. ఎదుటి పక్షానికి పెద్ద రచయిత కార్లైల్. రస్కిన్, టెనిసన్, డికెన్స్, చార్ల్స్ కింగ్స్‌లీ ఐర్ వైపు. పేదపిల్లల ఆకలి గురించి అంత కరిగిపోయి రాసిన డికెన్స్ ఇటువైపు ఉండటం చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కానీ 1857 తిరుగుబాటు వార్తలు విన్నప్పుడు, తాను భారతదేశంలో సేనాధిపతినైతే ఆ జాతినే తుడిచిపెట్టేస్తానని ఒక స్నేహితురాలికి ఉత్తరం రాసింది కూడా ఆయనే.

కార్లైల్ వాదన కొత్తదేమీ కాదు. నల్లవాళ్లు సోమరులు, పని చేయించేందుకు యజమాని కావాలని 1849లోనే ఒక పత్రికలో రాశాడు. మరుసటి ఏడాది అదే పత్రికలో మిల్ జవాబిచ్చాడు. హెన్రీ టేలర్ ‘సలహా’లో వినిపించేది, కొరడా తీసేసిన కార్లైల్ గొంతే.

తగువు ఇళ్లలోకీ పాకింది. కమిటీని చులకన చేస్తూ కొడుకు విలియం ఒక మాట అన్నందుకు డార్విన్ మండిపడ్డాడు. మర్నాడు పొద్దున్నే కొడుకు పడకగదికి వెళ్లి, కోపగించుకున్నందుకు రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్పుకున్నాడు.

మిల్ పక్షం ఏమంది? గవర్నర్ తన ఇష్టం వచ్చినట్టు మనిషిని ఉరితీయగలిగితే ఇక చట్టానికి అర్థమేముంది అంది. చాలా గొప్ప మాట అది, ఆ మాటకోసం మిల్ చంపుతామంటూ వచ్చిన ఉత్తరాలు కూడా భరించాడు. అయినా ఆ వాదంలో అసలు భయం ఇంగ్లండ్ కోసమే. అక్కడ చెల్లింది రేపు ఇక్కడా చెల్లుతుందన్న భయం. జమైకా మనిషి తన్ను తాను పాలించుకోవాలా అన్నది వాళ్ల ప్రశ్న కాదు. మిల్ 35 ఏళ్లు ఈస్టిండియా కంపెనీలో కొలువు చేశాడు, భారతదేశంలో అడుగు పెట్టలేదు. 1859లో స్వేచ్ఛ గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథంలోనే, ‘వెనుకబడిన’ సమాజాలకు ఆ సూత్రం వర్తించదనీ, వాళ్ల మేలు కోసమైతే నిరంకుశ పాలన సబబేననీ అన్నాడు.

కమిటీ తరఫున వాదించిన న్యాయవాది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ కథ మనకు మరీ దగ్గరిది. 1869లో వైస్రాయ్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా మన దేశానికి వచ్చాడు. 1872 నాటి సాక్ష్య చట్టం ఆయన చేతిరాతే. 2024 జూలై దాకా గుంటూరులోనైనా వరంగల్‌లోనైనా కోర్టులు దాన్నే అనుసరించాయి. తిరుగు ప్రయాణంలో ఓడలో కూర్చుని మిల్ స్వేచ్ఛావాదం మీద దాడి మొదలుపెట్టి 1873లో పుస్తకం వేశాడు. భారతీయ న్యాయాధికారులు యూరోపియన్లను విచారించవచ్చన్న ఇల్బర్ట్ బిల్లును వ్యతిరేకిస్తూ 1883లో టైమ్స్‌కు ఉత్తరం రాశాడు. భారతదేశంలో బ్రిటిష్ ప్రభుత్వం నిలిచింది ప్రజల సమ్మతి మీద కాదు, జయించడం మీద, దాన్ని దాచుకోనక్కర్లేదని అందులో కుండబద్దలు కొట్టాడు. మిల్ మర్యాదగా మినహాయింపు పేరుతో చెప్పినదాన్నే ఈయన నిజాయితీగా చెప్పాడని నాకు అనిపిస్తుంది.

1868లో లండన్ గ్రాండ్ జ్యూరీ ఐర్ మీద అభియోగం మోపడానికి నిరాకరించింది. ఆ ఏడే మిల్ పార్లమెంటు స్థానం పోగొట్టుకున్నాడు. తర్వాత ప్రభుత్వం ఐర్ కోర్టు ఖర్చులు చెల్లించి, పింఛను కూడా ఇచ్చింది.

ఈ రభస అంతటి వెనక ఇంకొకటి జరిగిపోయింది. జమైకా శాసనసభ తన్ను తానే రద్దు చేసుకుంది, దీవి నేరుగా లండన్ పాలన కిందకు వెళ్లింది. రెండు పక్షాలవాళ్ల కలాలూ దాని గురించి పెద్దగా కదల్లేదు. జమైకాలో పెద్దవాళ్లందరికీ ఓటు వచ్చింది 1944లో.