సైడ్ మిర్రర్ మీద గాలి బరువెంత?

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర గంటకు 30 కిలోమీటర్లు దాటని కారు, మంగళగిరి దాటి కాజ టోల్‌గేటు వదిలాక 100 అందుకుంటుంది. సైడ్ మిర్రర్‌కు గాలితో అసలు పేచీ అక్కడే. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది.

ఒక మామూలు కారు లెక్క వేద్దాం. ఎదుటి నుంచి కనిపించే వైశాల్యం 2.2 చదరపు మీటర్లు, ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే డ్రాగ్ గుణకం 0.30 అనుకుందాం. 100 వేగంలో గాలి దాన్ని సుమారు 290 న్యూటన్ల బలంతో అడ్డుకుంటుంది, అంటే 30 కిలోల బరువు. అందులో రెండు మిర్రర్ల వాటా సాధారణంగా 3 నుంచి 6 శాతం. 5 శాతమే తీసుకుంటే కిలోన్నర. ఆ కాస్తను నెట్టడానికి 400 వాట్లు కావాలి, ఐదు సీలింగ్ ఫ్యాన్లు తిరిగే కరెంటు! ఇంజను సామర్థ్యం 25 శాతం అనుకుంటే, కాజ నుంచి చెన్నై దాకా సుమారు 440 కిలోమీటర్లకు మిర్రర్ల ఖాతాలో ముప్పావు లీటరుకు పైగా పెట్రోలు పడుతుంది.

ఇంత చిన్న వస్తువుకు ఇంత ఖర్చేమిటి? చిక్కంతా వెనకవైపు ఉంది. గాలిలో సాఫీగా సాగాలంటే ఏ వస్తువైనా వెనక్కి సన్నబడుతూ పోవాలి. మిర్రర్ చూడాల్సింది వెనక్కే కాబట్టి అక్కడ బల్లపరుపు అద్దం పెట్టక తప్పదు. దాని అంచు దగ్గర గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది, అక్కడ పీడనం పడిపోయి మిర్రర్‌ను వెనక్కి లాగుతుంది. పైగా మిర్రర్‌కూ డోరు గ్లాసుకూ మధ్య సందులో గాలి ఒత్తుకుని వేగం పుంజుకుంటుంది. చెవిలో హోరుకు అదీ ఒక కారణం. అందుకే డిజైనర్లు మిర్రర్ డొప్ప ముందుభాగాన్ని నున్నగా గుండ్రం చేస్తారు, వెనక అంచును మాత్రం పదునుగా ఉంచుతారు. కొన్ని కార్లలో మిర్రర్‌ను కిటికీ మూల నుంచి తప్పించి, సన్నని కాడ మీద డోరుకు బిగిస్తారు.

మిర్రర్ తీసేసి కెమెరా పెడితే? 2018లో ఆడి ఈ-ట్రాన్ ఆ పని చేసింది. గుణకం 0.28 నుంచి 0.27కు దిగింది. కెమెరాలు, డోర్లలో తెరలు, వాటి ఖరీదు, ఇదంతా ఆ 0.01 కోసం. నా దృష్టిలో మన రోడ్డు మీద తిరిగే మామూలు కారుకు ఆ బేరం గిట్టదు, డొప్పను చెక్కడమే మేలు.

డ్రైవరు చేతిలో ఇంతకన్నా పెద్ద అంకె ఉంది. 100 నుంచి 80కి తగ్గితే గాలి నిరోధం 36 శాతం పడిపోతుంది, రెండు మిర్రర్లనూ పీకేస్తే మిగిలేదానికి ఏడు రెట్లు. చెన్నై చేరడానికి గంట పైన ఆరు నిమిషాలు ఎక్కువ పడుతుంది.