ఆయుధము పట్టని వీరులు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోని కొండ గ్రామములందు రోగిని డోలిలో పరుండబెట్టి, భుజములపై మోసికొని దిగివచ్చు దృశ్యము నేటికిని కానవచ్చును. మోయువారు అడుగడుగునకు జాగ్రత్త వహింతురు. రాయి తగిలినను, కాలు జారినను డోలి అదరరాదు. లోనున్నవాని ప్రాణము వారి అడుగులపై ఆధారపడి యుండును. ఇట్టి పనినే ఫిరంగుల మ్రోతల నడుమ చేసిన భారతీయుల కథ యొకటి కలదు. అది మన గడ్డపై జరిగినది కాదు; సముద్రమున కావల, దక్షిణాఫ్రికాలో జరిగినది.

దక్షిణాఫ్రికాలోని నేటాలు ప్రాంతము పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయుల పాలనలో నుండెను. అచ్చటి చెఱకు తోటలకు కూలీలు కావలసివచ్చిరి. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ మద్రాసునుండి మొదటి కూలీలను డర్బను రేవునకు చేర్చెను. అది మొదలు 1911 వరకు లక్షయేబదివేలకు మించిన భారతీయులు అట్లు వెళ్లిరి. వారిలో తమిళులు, తెలుగువారు, హిందీ మాటలాడువారు ఉండిరి. తెలుగువారిలో పలువురు నాటి విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి పోయినవారు. నేటి విజయనగరము అప్పుడు విశాఖపట్టణము జిల్లాలోను, శ్రీకాకుళము గంజాము జిల్లాలోను చేరియుండెను.

ఐదేండ్లు పనిచేయుదుమని ఆ కూలీలు ఒప్పందము చేసికొనెడివారు. ‘అగ్రిమెంటు’ అను ఇంగ్లీషు మాట వారి నోట ‘గిర్మిట్’ అయ్యెను. గడువు తీరువరకు యజమానిని విడిచిపోవు స్వాతంత్ర్యము వారికి లేదు. గడువు తీరిన పిమ్మట అచ్చటనే నిలువగోరువారు ఏటేట మూడు పౌనుల పన్ను చెల్లింపవలెనని 1895లో నొక శాసనము పుట్టెను. పేద కూలికి అది మోయరాని భారము.

ఇట్లుండగా 1899 అక్టోబరులో ఆంగ్లేయులకును బోయర్లకును యుద్ధము సంభవించెను. బోయర్లనగా ఆ దేశమున స్థిరపడిన డచ్చివారి సంతతి. అప్పుడు గాంధీజీ నేటాలులో న్యాయవాదిగా నుండెను. ఆయన సానుభూతి బోయర్లపై నుండెను. అయినను పౌరులుగా హక్కులు కోరువారు పౌరుల విధులను గూడ నిర్వర్తింపవలెనని ఆయన తలచెను. భారతీయులు ఆయుధము పట్టక, గాయపడినవారికి సేవ చేయుదురని ప్రభుత్వమునకు తెలిపెను. మొదట ప్రభుత్వము అంగీకరింపలేదు. డాక్టరు బూత్ అను వైద్యుడు గాంధీజీకిని, ఆయన అనుచరులకును శుశ్రూషలో శిక్షణ నిచ్చెను. యుద్ధము తీవ్రము కాగా డిసెంబరులో ప్రభుత్వము వారి సేవను స్వీకరించెను. సుమారు 1,100 మందితో దళ మేర్పడెను. వారిలో దాదాపు 300 మంది స్వతంత్రులు. మిగిలిన 800 మంది తోటలనుండి వచ్చిన గిర్మిట్ కూలీలు.

వారి పని యెట్టిదో తెలిసికొనవలెను. యుద్ధభూమిలో గాయపడినవానికి మొదట వెనుకనున్న తాత్కాలిక వైద్యశాలలో కట్లు కట్టుదురు. తరువాత దూరముననున్న పెద్ద వైద్యశాలకు చేర్పవలెను. మంచి బాటలు లేని తావున బండి కుదుపులకు గాయములు మరల రక్తము స్రవించును. విరిగిన యెముకలు కదలును. కావున కఠినముగా గాయపడినవారిని స్ట్రెచ్చరుపై మనుష్యులు మోయుటయే మేలు. కొన్ని దినములలో ఈ దళమువారు రోగులను మోయుచు ఇరువది, ఇరువదియైదు మైళ్లు నడిచిరి. వారి గుర్తు ఎఱ్ఱ సిలువ. గాయపడినవారిని, వారికి సేవచేయువారిని యుద్ధమున కాపాడవలెనని 1864లో జెనీవా నగరమున జరిగిన ఒడంబడిక విధించినది. అయినను దూరమునుండి వచ్చు ఫిరంగి గుండు ఆ గుర్తును చూడజాలదు గదా!

డిసెంబరు 15వ తేదీన కొలెన్సో యుద్ధమున వారు తొలిసారి క్షతగాత్రులను మోసిరి. 1900 జనవరి 24వ తేదీన స్పియాన్ కోప్ అను కొండపై అంతకంటె ఘోరమైన పోరు జరిగెను. ఆంగ్లసేనలో వందలమంది మడిసిరి. వేయిమందికి పైగా గాయపడిరి.

భారతీయ దళము తుపాకి గుండ్లు తగులు హద్దునకు వెలుపలనే పనిచేయవలెనని మొదటినుండి నియమ ముండెను. ఇప్పుడు సేనాని బుల్లర్ వారికొక వార్త నంపెను. ఆ ప్రమాదమునకు లోనగుటకు మీరు బద్ధులు కారు, కాని రణరంగమునుండి క్షతగాత్రులను తెచ్చిన ప్రభుత్వము కృతజ్ఞత చూపునని దాని భావము. దళము సంకోచింపలేదు. వారు ఆ హద్దు దాటి, గుండ్ల నడుమకు పోయి పనిచేసిరి. వారు మోసికొనివచ్చిన వారిలో జనరల్ ఉడ్గేటు ఒకడు.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆ కూలీల జీవితమంతయు ఒప్పందమునకు కట్టుబడినది. ఏ తోటలో పనిచేయవలెనో, ఎన్నాళ్లు చేయవలెనో అన్నియు కాగితము నిర్ణయించెను. వారిని కాపాడిన నియమము ఒక్కటే: గుండ్ల హద్దు దాటనక్కరలేదు. ఆ ఒక్క రక్షణను సాటి మనుష్యుని ప్రాణముకొఱకు వారు వదలుకొనిరి.

బుల్లర్ తన నివేదికలో ఈ దళమును ప్రశంసించెను. దళ నాయకులకు యుద్ధపతకములు లభించెను. కాని పతకము న్యాయమునకు బదులు కాజాలదు. మూడు పౌనుల పన్ను పోవుటకు 1913లో వేలకొలది కూలీలు సమ్మె చేయవలసివచ్చెను. 1914లో అది రద్దయ్యెను. గాంధీజీ తన పతకమును 1920 ఆగస్టు 1వ తేదీన ప్రభుత్వమునకు తిరిగి యిచ్చివేసెను.

ఆయుధము పట్టని ధైర్యమును స్వతంత్ర భారతము గౌరవించుచున్నది. 1951లో కొరియా యుద్ధమున పారాచూట్లతో దిగి గాయపడినవారికి చికిత్స చేసిన వైద్యదళ నాయకుడు రంగరాజునకు మహావీర చక్రము లభించెను. 2010లో కాబూలున వట్టి చేతులతో ఆత్మాహుతి దుండగుని పట్టుకొని సహచరులను కాపాడి, ప్రాణములు విడిచిన సైనిక వైద్యుడు మేజర్ జ్యోతిన్ సింగునకు అశోక చక్రము నొసగిరి.

నేటాలు వెళ్లిన తెలుగువారి సంతతి నేటికిని డర్బను పరిసరములందు నివసించుచున్నారు. 1931లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. స్పియాన్ కోప్ చరిత్రలో సేనానుల పేర్లు చదువుదుము. స్ట్రెచ్చరు మోసిన ఎనిమిదివందల మంది పేర్లు మనకు కానరావు. ఇకమీదట కొండదారిలో డోలి మోయువారు మీ కెదురైనచో ప్రక్కకు తొలగి దారి యిండు. పేరు తెలియని ఆ వీరులకు మనము చేయగల వందన మదియే.